మూడు ఆదివారాల గడువు

పెళ్లయిన కొత్తలో నాకు ధర్మవరంలో అన్నీ ముద్దుగానే ఉండేవి. తెల్లారకముందే వీధంతా మొదలయ్యే మగ్గాల చప్పుడు, అత్త చేసే ఉగ్గానిలో పంటికి తగిలే పచ్చిమిరపకాయ, కూరగాయల సంచికి ఒక చెవి ఆయనా ఒక చెవి నేనూ పట్టుకుని బజారు నుంచి నడిచి రావడం. అర కిలో టమాటాలు మోయడానికి ఇద్దరెందుకని అత్త నవ్వేది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివి, కదిరిలో రెండేళ్లు ట్యూషన్లు చెప్పిన మనిషిని, ఇంత చిన్నవాటికి ఇంతగా మురిసిపోతానని నాకే తెలియదు.

మాది కుండమార్పిడి. ఫిబ్రవరిలో ఒకే ముహూర్తానికి, ఒకే పందిట్లో రెండు పెళ్లిళ్లు జరిగాయి. నన్ను హరినాథ్‌కు ఇచ్చారు. హరినాథ్ చెల్లెలు సుష్మితను మా అన్న భరత్‌కు చేసుకున్నారు. దాంతో ఆమె నాకు వదిన, నేను ఆమెకు వదిన. "వదినా" అని ఇద్దరం ఒకేసారి పిలుచుకుని నవ్వుకునేవాళ్లం. హరినాథ్‌కు నాన్న లేడు. ఆ ఇంటికి పెద్ద మా అత్త రత్నమ్మ. కదిరిలో మా నాయన నారాయణస్వామికి ఇనుప సామాన్ల అంగడి ఉంది, అన్న అందులోనే కూర్చుంటాడు. సంబంధం కుదిర్చింది మద్దిలేటి మామ, రెండు కుటుంబాలకూ కావలసినవాడు. తాంబూలాలప్పుడు ఆయన ఒక్కటే మాట అన్నాడు.

"ఇద్దరు ఆడబిడ్డలూ అత్తగారిండ్లలో ఉండాల. లేదంటే ఇద్దరూ పుట్టిండ్లలో ఉండాల. మధ్యస్తం లేదప్పా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

హరినాథ్ కంప్యూటరు మీద పట్టుచీరలకు డిజైన్లు గీస్తాడు. అంతకుముందు నాలుగేళ్లు బెంగళూరులో ఉద్యోగం చేసి, అక్కడి గదిలోని స్నేహితుల దగ్గర ఒక ఆట నేర్చుకుని వచ్చాడు. దానికి బోర్డు లేదు, గళ్లు లేవు. ఒక మనిషి కథ నడుపుతాడు, మిగిలినవాళ్లు కథలో తలా ఒక పాత్ర అవుతారు. "మీ ముందు కోట తలుపుంది, ఏం చేస్తారు?" అంటాడు అతను. చెప్పింది జరుగుతుందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఇంగ్లీషు పుస్తకంలోని రాకాసులను తీసేసి, హరినాథ్ ఆ ఆటను పాలెగాళ్ల కాలానికి మార్చాడు. ఆదివారం పొద్దున బస్సుకు అన్నా వదినా కదిరి నుంచి వచ్చేవాళ్లు. మేడ మీద గదిలో చాప వేసి సాయంత్రం దాకా ఆడేవాళ్లం. అన్న ఈటె పట్టిన బంటు, వదిన గుర్రపు రౌతు, నేను నాటువైద్యురాలిని. ప్రతి మనిషి ముందూ ప్రాణానికి గుర్తుగా చింతగింజలు ఉండేవి. దెబ్బ తగిలితే గింజలు పోతాయి, గింజలన్నీ అయిపోతే మనిషి పోయినట్టు.

రెండో ఆదివారమే ఆట ఒకచోట ఆగిపోయింది. దొంగల నాయకుడు ఊరిపెద్ద కూతుర్ని పట్టుకుని, గొంతు మీద కత్తి పెట్టి, ఆయుధాలు కింద పడేయమన్నాడు. ఆ మాట హరినాథ్ ఎంత కరుకుగా అన్నాడంటే నాకు ఒళ్లు జలదరించింది. మా అన్న మాత్రం ఆ పిల్ల ముందున్న గింజలు లెక్కపెట్టాడు.

"పాపకు ఇరవై గింజలుండాయి బావా. కత్తికి పోయేది నాలుగు. కోసుకోనీలే, నేను ఈటె విసురుతాండా."

వదిన పడీ పడీ నవ్వింది. హరినాథ్ ముఖం చూస్తే జాలేసింది. వారమంతా రాసుకున్న కథ నాలుగు గింజల దగ్గర తేలిపోయింది. గొంతు మీది కత్తికి మన ఇంటి నియమం ఒకటి నేను తయారుచేస్తానని అప్పుడే మాటిచ్చాను. నా పెళ్లికి వచ్చిన కానుకలన్నిటిలోకీ నాకు బాగా నచ్చింది ఆ పనే.

మొదటి ముసాయిదా తేలికగానే తయారైంది. మెడ మీద కత్తి ఉన్నప్పుడు గింజలు లెక్కలోకి రావు, కత్తి దిగితే ప్రాణం పోయినట్టే. తరువాతి ఆదివారం ఆ నియమంతో ఆడితే అందరూ అందరి మెడల మీదా కత్తులు పెట్టేశారు. అన్న సంతలో గొర్రెల కాపరిని పట్టుకున్నాడు, వదిన కోట కావలివాణ్ని పట్టుకుంది, నేను, చెప్పడానికి సిగ్గేస్తోంది, పాలెగాడి ముసలి తల్లిని పట్టుకున్నాను. ఆ రోజు ఒక్క యుద్ధమూ జరగలేదు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు కూడా మీకంటే నయమని హరినాథ్ తల పట్టుకున్నాడు.

ఆ వారమంతా ఆలోచించాను. పప్పు తిరగమోత పెడుతూ, బట్టలు ఆరేస్తూ అదే ఆలోచన. బెదిరింపు బలం కత్తిలో లేదని నాకు తోచింది. అది వినేవాడిలో ఉంది. ఆ మనిషి మీద ప్రేమ లేనివాణ్ని ఏ కత్తీ ఆపలేదు. కాబట్టి చిక్కిన మనిషి తనకు ఎంత కావాలో ప్రతి ఒక్కరూ పదికి ఇంతని చీటీ మీద రహస్యంగా రాయాలి. ఆ అంకెను బట్టే వాళ్ల చెయ్యి వణుకుతుంది, పాచికలో అంత తగ్గుతుంది. ఇక కత్తి పట్టినవాడికి కూడా పగ్గం ఉండాలి. వాడు తనకేం కావాలో స్పష్టంగా చెప్పాలి. అందరికీ మూడుసార్లు వంతు వచ్చేదాకా గడువివ్వాలి. గడువులోగా అడిగింది దక్కకపోతే అన్నంత పనీ చేయాలి. చేయలేక కత్తి దించాడా, ఇక ఆ ఆటలో వాడి మాటకు ఎవరూ భయపడనక్కర్లేదు.

హరినాథ్ అది రెండుసార్లు చదివి, స్టాటిస్టిక్స్ చదివినదానివి న్యాయశాస్త్రం రాశావేమిటని నా నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు.

పరీక్షకు దొంగ ఈసారి వదిన రౌతునే పట్టుకున్నాడు. చీటీలు విప్పితే నేను ఎనిమిది రాశాను, అన్న పది రాశాడు. మొదటి వంతులోనే అన్న ఈటె పడేశాడు, గుర్రాన్నిచ్చాడు, అడగకుండానే కోట తాళాలు కూడా ఇచ్చేశాడు. వదిన కొంగుతో ముఖం కప్పుకుంది. బస్టాండు దాకా హరినాథ్ ఏడిపిస్తూనే ఉన్నాడు, అన్న మాత్రం నవ్వలేదు. ఆటలోనైనా ఆమెను ఒకడు అట్లా పట్టుకుంటే తను చూడలేనన్నాడు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో. మా అన్నకు భార్య అంటే ఎంత ప్రేమో చూశావా అని ఇంటికొచ్చాక హరినాథ్‌కు పదిసార్లు చెప్పాను.

ఉగాది తరువాతి ఆదివారం వాళ్లు రాలేదు. అంగట్లో పని అన్నారు.

మార్చి ఆఖరి మంగళవారం, మిట్టమధ్యాహ్నం వదిన ఒక్కతే వచ్చింది. చేతిలో పర్సు తప్ప ఏమీ లేదు. కాళ్లకు ఇంట్లో తొడుక్కునే రబ్బరు చెప్పులున్నాయి. అత్త మజ్జిగ ఇస్తే రెండు చెంబులు ఆపకుండా తాగి, తను ఇంక కదిరికి పోనని చెప్పింది.

మా నాయనా అమ్మా ఉండే ఇల్లు చిన్నదని, అన్నావదినలకు రెండు వీధుల అవతల వేరే ఇల్లు తీసుకున్నారు. అన్న రోజూ తొమ్మిదింటికి అంగడికి పోతూ బయట తాళం వేసుకుని పోతున్నాడట. మధ్యాహ్నం భోజనానికి వచ్చి తీస్తాడు, పోయేటప్పుడు మళ్లీ వేస్తాడు. పక్క వీధిలో ఎవరి మెడలోనో గొలుసు తెంపుకుపోయారని ఆయనకు భయం. మొదట్లో వదినకు నవ్వొచ్చింది. తరువాత ఒక తాళంచెవి తనకివ్వమని అడిగింది. చూద్దామన్నాడు. ఫోను చేస్తే ఐదు నిమిషాల్లో వస్తానంటాడు. ఆ సోమవారం అన్న సరుకుల కోసం హిందూపురం పోయాడు. ఇంట్లో కుండలు ఖాళీగా ఉన్నాయి. నాలుగు రోజులకొకసారి వచ్చే కొళాయి నీళ్లు పదింటికి వచ్చాయి. కొళాయి వీధిలో ఉంది. బిందెల చప్పుడు కిటికీలోంచి వింటూ ఈమె లోపల నిలబడింది. పక్కింటామె ఈమె కోసం రెండు బిందెలు పట్టింది కానీ కిటికీ ఊచల్లోంచి బిందె పట్టదు. ఆమె గ్లాసుతో అందించిన నాలుగు గ్లాసులతో సాయంత్రం ఆరు దాకా గడిపింది. కరెంటు కూడా లేదు. మర్నాడు అన్న స్కూటరు తుడుచుకుంటుంటే చెత్తబుట్ట బయట పెట్టేదానిలా వచ్చి, అట్లాగే బస్టాండుకు నడిచిపోయింది.

ఇదంతా ఆమె ఏడవకుండా చెప్పింది. అత్త ఏడ్చింది. నేను మా అన్నను తలుచుకున్నాను. కొట్టలేదు, తిట్టలేదు. భయంతో చేశాడు, ప్రేమతో చేశాడు. మంచివాడే కదా, గట్టిగా చెప్పేవాళ్లుంటే వింటాడనుకున్నాను. చీటీలో పది రాసిన మనిషి తాళం వేశాడంటే ఆ రెండూ వేరు వేరు విషయాలనే అనుకున్నాను.

ఆ రోజు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. కొత్త కాపురంలో సర్దుకోవాలని మా నాయన అన్నాడు. ముందు మీ కొడుకును రమ్మనండని అత్త అన్నది. చెప్పకుండా పోయినదాని వెనక తను రానని అన్న అన్నాడట. రెండు వారాలు గడిచాయి. వదిన ముందు గదిలో, వీధి తలుపు బార్లా తీసుకుని పడుకునేది. దోమలు వస్తాయన్నా వినేది కాదు.

ఏప్రిల్ మధ్యలో ఒక సాయంత్రం మేడ మీద నీళ్లు చల్లి, ఒకే గ్లాసులో నన్నారి షర్బత్ ఇద్దరం తాగుతున్నాం. ఎన్నాళ్లని ఇట్లా అని హరినాథ్ అన్నాడు. నాకు అప్పుడే తట్టింది. మనవాళ్లు అరుస్తున్నారే తప్ప, ఏం కావాలో ఒక్కరూ తేల్చి చెప్పలేదు, గడువూ పెట్టలేదన్నాను. ఆటలో ఏం రాసుకున్నామో గుర్తు చేశాను.

"దీన్ని కూడా ఆట అంటావా?" అన్నాడు. "అయినా మన దగ్గర కత్తి యాడుండాది?"

"కత్తి నీ దగ్గరుండాది బావా. మెడ నాది," అని ఆయన చెయ్యి తీసుకుని నా మెడ మీద పెట్టుకున్నాను.

ఆయన నవ్వాడు. ఇద్దరం నవ్వుకుంటూనే అంతా రాశాం. భరత్ వచ్చి మద్దిలేటి మామ ముందర తప్పయిందని ఒప్పుకోవాలి, ఇంటి తాళంచెవి వదిన చేతికివ్వాలి, ఆమెను గౌరవంగా తీసుకుపోవాలి. గడువు మూడు ఆదివారాలు. రాకపోతే తాంబూలాలనాటి మాట ప్రకారం అర్చనను, అంటే నన్ను, కదిరికి పంపేస్తాం. మూడో ఆదివారం దాటినా రాకపోతే ఎట్లా అని హరినాథ్ అడిగాడు. మా నాయన నాకు జ్వరమొస్తేనే అంగడి మూసేసి మంచం పక్కన కూర్చునే మనిషి, మొదటి ఆదివారమే పరుగెత్తుకొస్తాడు చూడమన్నాను.

ఇంటికొచ్చిన కోడల్ని అట్లా అనకూడదని అత్త ఒప్పుకోలేదు. కాళ్లావేళ్లా పడి నేనే ఒప్పించాను. ఆమె మద్దిలేటి మామకు ఫోను చేసి, చనిపోయిన తన భర్త మీద ఒట్టు పెట్టి మరీ చెప్పింది. నమ్మకం కుదరాలని నేను పెళ్లి సూట్‌కేసు సర్ది, ఫోటో తీసి మా అమ్మకు పంపాను. అందులో నిజానికి దిండ్లు కుక్కాను. అది చూసి హరినాథ్ మంచం మీద పడి దొర్లాడు.

మొదటి ఆదివారం ఎవరూ రాలేదు. ఫోనూ రాలేదు.

రెండో ఆదివారం మా నాయన నాకే ఫోను చేశాడు. గొంతులో కోపం లేదు. చిన్నప్పుడు నన్ను స్కూటరు ముందు నిలబెట్టుకుని మాట్లాడినట్టే ఉంది ఆ గొంతు.

"పంపిస్తే రామ్మా. నా బిడ్డ నా ఇంట్లో ఉంటే నాకేం బరువా? నువ్వు లేక ఇల్లు బోసిగా ఉండాది."

ఫోను పెట్టేశాక చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చున్నాను. వినేవాడికి ప్రేముంటే చెయ్యి వణుకుతుందనుకున్నాను. ప్రేముంది కాబట్టే ఆయనకు భయం లేదు. కత్తి దిగితే బిడ్డ తన ఒళ్లోనే పడుతుంది.

వదినకు ఈ గడువు సంగతి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం అత్త మాటల్లో బయటపడింది. ఆమె మేడ మీదికి వచ్చి, ఉతికిన బట్టలు మడతపెడుతున్న నా ముందు నిలబడింది.

"మీ అన్న వచ్చి తప్పయిందంటే నేను పోవాల్నా?"

గౌరవంగా తీసుకుపోతాడని, తాళంచెవి ఇస్తాడని చెప్పాను.

"పోతానని నేనెప్పుడన్నా వదినా? నన్నడిగినారా ఒకరన్నా?"

నీ కోసం నా కాపురాన్నే పణం పెట్టాను కదా అన్నాను. అన్నప్పుడు నాకు గర్వంగానే ఉంది.

"నీ మెడ పెట్టి నా మెడ వంచినావు," అన్నది. నా చేతిలోని చీర రెండో కొస తను పట్టుకుని, మడతపెట్టించి, కిందికి వెళ్లిపోయింది.

ఆ మూడో వారం లెక్కపెట్టుకుంటూ గడిచింది. గడువు తీసేద్దామని హరినాథ్ రెండుసార్లు అన్నాడు. ఇప్పుడు కత్తి దించితే మన మాటకు విలువేముంటుంది, రేపు నలుగురొచ్చి వదినను చెయ్యి పట్టుకుని తీసుకుపోతారు, అప్పుడేం చెబుతామన్నాను. అత్త కూడా ఒట్టు పెట్టుకుని కూర్చుంది. హరినాథ్ సాయంత్రాలు ఉత్తచేతులతో రావడం మానేశాడు. ఒకరోజు మల్లెపూలు, ఒకరోజు నేరేడుపండు రంగు గాజులు, ఒకరోజు నాలుగు మామిడిపండ్లు. ఎందుకివన్నీ అంటే, బజార్లో కనపడినాయన్నాడు. నేను సూట్‌కేసులోంచి దిండ్లు తీసేసి నిజంగా బట్టలు పెట్టడం ఆయన చూశాడు. వచ్చి నా పక్కన నేల మీద కూర్చుని, ఆ గాజులు విరగకుండా ఒక తువ్వాలులో చుట్టి ఇచ్చాడు. ఇద్దరం ఆ తువ్వాలునే చూస్తూ కూర్చున్నాం. అది చూసిందో ఏమో, ఆ రోజు నుంచి వదిన అన్నం సగంలోనే లేచిపోయేది.

మూడో ఆదివారం, మే మొదట్లో, పది గంటల బస్సుకు వాళ్లు వచ్చారు. మా నాయన, అన్న, మద్దిలేటి మామ.

వీధి మలుపులో వాళ్లను చూసిన క్షణాన నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. నాయన గడ్డం గీసుకోలేదు. వచ్చీ రాగానే నన్ను దగ్గరికి తీసుకుని, నువ్వు ఏడుస్తూ ఇంటికొస్తే నేను చూడలేనమ్మా అన్నాడు. అన్న అత్త కాళ్లకు మొక్కాడు. తప్పయిందన్నాడు. గొలుసు దొంగలంటే భయమేసిందని, రాత్రిళ్లు నిద్ర కూడా పట్టడం లేదని, ఇక అట్లా చేయనని మామ ముందర చెప్పాడు. జేబులోంచి తాళంచెవి తీసి వదిన చేతిలో పెట్టాడు. ఆ చేతులు నిజంగానే వణికాయి. అతను అబద్ధమాడలేదు. ఈ రోజుకీ నేను ఆ మాటే అంటాను.

మేము అడిగినవన్నీ ఒకదాని తరువాత ఒకటి జరిగిపోయాయి. అత్త పాయసానికి బియ్యం కడిగింది. హరినాథ్ అందరి వెనకా నిలబడి నా చిటికెనవేలు పట్టుకున్నాడు. ఊపిరి అంతా ఒక్కసారి వదిలాడు.

ఏమ్మా, బయలుదేరతావా అని మామ అడిగితే వదిన మా ఇద్దరి వైపూ ఒకసారి చూసింది. పోతాలే అన్నది. బట్టలు సర్దుకోవడానికి లోపలికి వెళ్లింది. సాయం చేద్దామని వెనకే వెళ్లాను.

ఆమె బట్టలు సర్దడం లేదు. వంటింట్లో, మూత తీసిన బిందె ముందు గొంతుక్కూర్చుని ఖాళీ కూల్‌డ్రింకు బాటిళ్లలో నీళ్లు నింపుతోంది. రెండు నిండి పక్కనున్నాయి. మూడోది బిగించింది. నాలుగోది తీసుకుంది. కదిరి ఎంత దూరమని, ముదిగుబ్బ మీదుగా రెండు గంటలు.

"ఇన్ని ఎందుకు వదినా? బీగంచెవి ఇచ్చేసినాడు కదా," అన్నాను.

ఆమె తలెత్తలేదు. గరాటులోంచి పోసే నీళ్లు చిందకుండా చూసుకుంటోంది.

"మీది ఇనుప సామాన్ల అంగడి వదినా. ఆడ బీగాలకేం కరువు?"

కోపంగా అనలేదు. ఎండగా ఉందని చెప్పినట్టు చెప్పింది. నాలుగో బాటిల్ మూత బిగించి, చీర మడతల మధ్య, బయటికి కనపడకుండా సంచిలో అడుక్కి పెట్టింది. దాని మీద ఇంకొకటి.

వాళ్లు వినకపోతే ఏం చేయాలో మేం అంతా రాసుకున్నాం. వింటే ఏం జరుగుతుందో ఒక్క ముక్క రాయలేదు.

నేను మేడ మీదికి వెళ్లాను. మా సూట్‌కేసు మంచం కింద ఉంది. దాన్ని తీసుకుని కిందికి దిగుతుంటే మెట్లకు తగిలి చప్పుడైంది, అందరూ తలలెత్తి చూశారు. సుష్మిత రావడం లేదని, నేనే వస్తున్నానని చెప్పాను.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. మీరడిగినవన్నీ చేశాం కదా అని నాయన అన్నాడు. మామ తాంబూలాలనాటి మాట ఎత్తేలోపు నేనే ఎత్తాను. ఒకరు పోకపోతే ఇంకొకరు పోవాల్సిందే కదా మామా, మధ్యస్తం లేదన్నారు కదా అన్నాను. వదిన వంటింటి గడపలోకి వచ్చి, నేను పోతానంటాండా కదా అని నన్ను కసిరింది. భుజం మీది సంచి కింద పెట్టలేదు. అన్న నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నేను మారతానంటాండా కదే?"

"మారినాక రా అన్నా. ఈ పొద్దు కాదు."

హరినాథ్ నన్ను మెట్ల కిందికి, ఎవరూ లేనిచోటికి తీసుకుపోయాడు. చాలా మెల్లగా, పాఠం అర్థం కాని పిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"మనం గెలిచినాము అర్చనా. సుష్మినే పోతానంటాంది. ఎవరూ బలవంతం చేయలేదు."

"నాలుగు బాటిళ్ల నీళ్లు నింపుకున్నాది బావా. చీరల్లో దాచి పెట్టుకున్నాది."

ఆయన వంటింటి వైపు చూశాడు. అక్కడ చెల్లెలు నిలబడి ఉంది, భుజానికి సంచి. ఆమె భుజం ఆ బరువుకు ఒక పక్కకు వాలింది. బట్టలకు అంత బరువుండదు. ఆయన చాలాసేపు చూశాడు. ఇద్దరూ ఉండండి, ఎవరూ ఎక్కడికీ పోవద్దు అంటాడేమోనని ఎదురుచూశాను. అట్లా ఒక్క మాట అంటే ఒట్టూ మాటా గడువూ అన్నీ పక్కనపెట్టి ఉండిపోయేదాన్ని. ఆయన తల్లి వైపు చూశాడు. అత్త కడిగిన బియ్యం గిన్నె పట్టుకుని, కళ్లు దించుకుని ఉంది. హరినాథ్ నా చేతిలోంచి సూట్‌కేసు తీసుకున్నాడు. లోపల పెడతాడనుకున్నాను. వీధిలోకి నడిచి, ఆటోను పిలిచాడు.

బయలుదేరేటప్పుడు వదిన దగ్గరికి వెళ్లాను. సంచి అప్పటికీ దింపలేదు. నేనే తీసి కింద పెట్టాను. ఆమె నా మెడ చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుంది.

కదిరి బస్సు సగం ఖాళీగా ఉంది. నాయన, అన్న, మామ ముందు సీట్లలో కూర్చున్నారు. హరినాథ్ బస్సులోకి ఎక్కి, కిటికీ పక్క సీటు మీది దుమ్ము రుమాలుతో తుడిచి నన్ను కూర్చోబెట్టాడు. ఎండ పడుతుందేమోనని పరదా లాగి చూశాడు. సూట్‌కేసు కాళ్ల దగ్గర సర్ది, తనూ నా పక్కన కూర్చున్నాడు. మా భుజాలు తగిలాయి. పెళ్లయి ఇంకా మూడు నెలలు కూడా నిండలేదు. అంత దుఃఖంలోనూ ఆ భుజం తగలడం నాకు బాగుంది.

ఇంజను మొదలైంది. కండక్టరు ముందు నుంచి వస్తూ, కదిరికి ఎంతమందని అడిగాడు.

"నలుగురు," అన్నాడు నాయన, వెనక్కి తిరక్కుండా.

మామను, అన్నను, నన్ను, తనను కలిపి అన్నాడు. కండక్టరు మా వరుసను చూసి, ఐదుగురా అని మళ్లీ అడిగాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. పక్కన హరినాథ్ ఊపిరి వినపడుతోంది. ఐదు అనడానికి చాలా సమయమే ఉంది. వెనక సీట్లో ఎవరో చిల్లర లెక్కపెట్టుకునేంత సమయం.

"నేను దిగుతాండానన్నా," అన్నాడు హరినాథ్.

బస్సు కదిలాక గంపతో ఒక పెద్దావిడ ఎక్కింది. సీట్ల మధ్య తూలుకుంటూ వచ్చి, నా పక్కన ఖాళీ చూసి ఆగింది. ఈడ మనిషి ఉండాడా అమ్మా అని అడిగింది.

లేడన్నాను. ఆమె కూర్చోవడానికి జరిగి చోటిచ్చాను.